తొక్కరాని జెండా

జెండా పోయింది ఎరివన్ చేతిలోంచే. ఆ సంగతి కాతొలే ఊళ్ళో ఇంకా మాటలు రాని పిల్లలకు తప్ప అందరికీ తెలుసు.

పోయిన ఆదివారం రాష్ట్ర ఫుట్‌బాల్ చాంపియన్‌షిప్ ఫైనల్లో మొదటి ఆట ఏటికి అవతల జుకాలో జరిగింది. ఏటా రాజధాని నుంచి వచ్చే పెద్ద క్లబ్బులే కప్పు పట్టుకుపోతాయి. లోపలి ఊళ్ళ జట్లు వాటికి ఫలహారం. ఈ ఏడు ఏ దేవుడు కన్ను తెరిచాడో గాని, ముళ్ళకంపల మధ్య మేకలు కాచుకునే రెండు ఊళ్ళు ఫైనలుకు చేరాయి. అదీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే రెండు ఊళ్ళు. మధ్యలో ఒక ఎండిన ఏరు, దాని మీద ఒక వంతెన. నడిచిపోయే దూరమే. కానీ ఆట రోజున పచ్చచొక్కా వేసుకుని జుకాలోకి నడిచిపోయినవాడు తన కాళ్ళ మీద తిరిగి రాడు. అందుకే పచ్చదండు బస్సు కట్టించుకుని వెళ్ళింది.

పచ్చదండు అంటే కాతొలే జట్టు కోసం డోళ్ళు వాయించే, గొంతులు చించుకునే, పని పడితే తలలు పగలగొట్టే కుర్రాళ్ళ గుంపు. దాని నాయకుడు లిందొమార్. ఎరివన్ అతని తమ్ముడు. దండులో పెద్ద డోలు ఎరివన్‌దే, దండు ప్రాణంగా చూసుకునే పెద్ద జెండా, తల్లి జెండా, దాని సంచీ మోసే పనీ ఎరివన్‌దే. నాయకుడి తమ్ముడు గనక ఇచ్చారని కొందరు గొణిగేవాళ్ళు గానీ, అంత జాగ్రత్తగా మోసేవాడు వేరే లేడు.

ఆట సమానంగా ముగిసింది. తిరిగి వస్తుంటే, వంతెన ఇంకా ఎక్కకముందే, రోడ్డు మీద టైర్లు తగలబడుతున్నాయి. బస్సు ఆగీ ఆగకముందే అద్దాలన్నీ లోపలికి కురిశాయి. జుకావాళ్ళు ఇనుపగొట్టాలు పట్టుకుని రెండు తలుపుల్లోంచీ ఎక్కారు. ఎరివన్ సంచీని పొట్టకు కరుచుకుని వెనక తలుపు వైపు ఉరికాడు. మెట్ల దగ్గర ఎవడో సంచీ పట్టి లాగాడు. జిప్పు చిరిగి, లోపలి గుడ్డ మెట్ల మీంచి రోడ్డు దాకా పరుచుకుంది. ఆకుపచ్చ గుడ్డ మీద మనిషెత్తు తెల్ల అక్షరాలు. ఆ కొస ఇద్దరు జుకావాళ్ళ చేతుల్లో, ఈ కొస ఎరివన్ చేతుల్లో.

ఒక్క అడుగు ముందుకు వేసి, రెండు కాళ్ళతో గుడ్డను తొక్కిపెట్టి ఉంటే సరిపోయేది. వాళ్ళు లాగలేకపోయేవాళ్ళు, వెనకనించి తనవాళ్ళు అందుకునేవాళ్ళు. కాలు ఎత్తాడు కూడా. ఎత్తిన కాలి కింద తెల్లటి అక్షరం కనిపించింది. కాలు దించలేకపోయాడు. రోడ్డంతా నెత్తురు కారుతుంటే అక్కడ కొంగలాగ ఒంటికాలి మీద నిలబడ్డాడు. వాళ్ళు ఒక్క గుంజు గుంజారు. ఎరివన్ బోర్లా పడ్డాడు, జెండా చీకటిపడకముందే జుకా సందుల్లో మాయమైంది.

నవ్వేవాళ్ళు నవ్వండి. ఆ జెండాను కుట్టింది వాళ్ళమ్మ జెనైదా. ఎరివన్ ఆమె కడుపులో ఉన్నప్పుడు, మొగుడు దండు పెడతానంటే, పొట్ట మిషనుకు తగులుతున్నా కూర్చుని కుట్టింది. మొగుడు పోయాడు, జెండా మిగిలింది. దాని మీద ఇన్నేళ్ళలో ఒక్క మనిషి కాలు పడలేదు. ఉతికి ఆరేసినప్పుడు కోడి నడిచినా అదిలించేవాళ్ళు. నడక నేర్చుకునే రోజుల్లోనే ఎరివన్‌కి ఆ మాట ఒంట పట్టింది: నిప్పు తొక్కినా తొక్కు, జెండా తొక్కకు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది, అది రెండు ఊళ్ళకూ ఒకటే. అవతలివాళ్ళ తల్లి జెండాను పట్టుకుపోయి, జనం చూస్తుండగా మైదానంలో తమవాళ్ళు కూర్చునే గట్టు మీద తలకిందులుగా కట్టారా, పోగొట్టుకున్న దండు ఆ రోజుతో చచ్చినట్టే. డోళ్ళు పగలగొట్టుకోవాలి, చొక్కాలు తగలబెట్టుకోవాలి, ఆ పేరు మళ్ళీ ఎత్తకూడదు. వచ్చే ఆదివారం రెండో ఆట కాతొలేలోనే. సొంత మైదానంలో, సొంత జనం ముందు, జుకావాళ్ళు తమ మూలన ఆ జెండాను తలకిందులుగా కడతారు. అది ఖాయం.

లిందొమార్ ఆ బస్సులోనే అందరి ముందూ తమ్ముణ్ణి చెంపలు వాయించాడు. ఇంటికొచ్చాక డోలు బయటికి తెచ్చి, వాడి కళ్ళ ముందే గొడ్డలితో రెండు చెక్కలు చేశాడు.

"తొక్కాల్సిందిరా," అన్నాడు.

"ఎట్లా తొక్కుతానన్నా?"

"ఎట్లానా? కాలుతో. నీకు రెండున్నాయిగా." గొడ్డలి అవతల పారేశాడు. "ఆదివారం ఆ జెండా అక్కడ వేలాడిందనుకో, నువ్వు నా తమ్ముడివి కావు. ఈ గుమ్మం తొక్కకు. అది మాత్రం తొక్కగలవేమోలే, అందుకే ముందే చెప్తున్నా."

జెనైదా పొయ్యి దగ్గర్నించి అంది, "గుడ్డే కదరా. మళ్ళీ కుడతాను."

"నువ్వు కుడతావమ్మా," అన్నాడు లిందొమార్, "కానీ అది తల్లి జెండా అవదు."

వారమంతా ఎరివన్‌తో వీధిలో ఎవడూ మాట్లాడలేదు. రొట్టెల కొట్లో అతను వస్తే కబుర్లు ఆగిపోయేవి. దండు కుర్రాళ్ళు ఎదురైతే ఒక కాలు ఎత్తి ఒంటికాలి మీద నిలబడి చూపించేవాళ్ళు. నలుగురిలో తల కొట్టేసినట్టు ఉండేది. కొట్టినా బాగుండునని అతనికి అనిపించేది.

ఎరివన్ పని చేసేది ఏటికి అవతలున్న కబేళాలో. అక్కడ ఒకే పశువుకు ఎడమవైపు అతను, కుడివైపు వల్దెసి నిలబడి తోలు ఒలుస్తారు. వల్దెసిది జుకా. మెడా భుజాలూ కలిసిపోయిన మనిషి. జుకా దండులో అందరికంటే ముందు దెబ్బ కొట్టేది అతనే. వారంలో ఆరు రోజులు ఇద్దరూ ఒకే బండరాయి మీద కత్తులు నూరుకుంటారు, ఒకే గిన్నెలో కర్రపెండలం పిండి కలుపుకుని తింటారు. ఏడో రోజు ఎదురుపడకుండా తప్పుకు తిరుగుతారు. ఈ వారం మాత్రం తోలు ఒలుస్తూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. శనివారం పని ముగిశాక ఎరివనే నోరు విప్పాడు.

"జెండా ఎవరింట్లో ఉంది?"

వల్దెసి కత్తి కడుగుతూనే ఉన్నాడు. "మా ఇంట్లో. మంచం కింద. మా ఆవిడ దాని మీద పడుకోనంటోంది, శత్రువుల గుడ్డట, కలలొస్తున్నాయట."

"ఇచ్చెయ్."

"ఇచ్చేస్తే మావాళ్ళు నాకు సన్మానం చేస్తారా? తోలు ఒలిచి ఎండేస్తారు. పోయి పడుకో."

"ఉట్టి చేతులతో కొట్టుకుందాం. నేను గెలిస్తే ఇయ్యి. నువ్వు గెలిస్తే, రేపు నేనే మీ గట్టెక్కి నా చేత్తో దాన్ని తలకిందులుగా కడతాను."

వల్దెసి తల ఎత్తి చూశాడు. ఉట్టి చేతులతో పిలిచినవాణ్ణి కాదన్నవాడు ఇక ఆ దండులో తలెత్తుకు తిరగలేడు. అది ఇద్దరికీ తెలుసు.

"నీ ఒళ్ళెంత, నా ఒళ్ళెంత? నాకు పాపం చుట్టుకుంటుందిరా ఎరివన్."

"వస్తావా రావా?"

"పొద్దున్నే రా. పశువుల దొడ్డికి," అన్నాడు వల్దెసి, ఇష్టం లేనట్టు.

ఆదివారం కబేళాకు సెలవు. దొడ్డి ఖాళీగా ఉంది. వల్దెసి దాణా గోతాంలో జెండా తెచ్చి కంచె గుంజకు తగిలించాడు. ఇద్దరూ చొక్కాలు విప్పారు. కత్తులు లేవని చూపించుకోవడానికి జేబులు బయటికి లాగారు.

దాన్ని కొట్లాట అనడానికి నోరు రాదు. ఎరివన్ మొదటి దెబ్బ బాగానే వేశాడు, వల్దెసి పెదవి చిట్లింది. ఆ తర్వాత వేసినవన్నీ వల్దెసివే. డొక్కలో పడ్డ గుద్దుకు ఊపిరి ఆడలేదు. వంగితే మోకాలు మొహానికి తగిలింది. కింద పడ్డాడు, పేడలో చేతులు ఆనించి లేచాడు. మళ్ళీ పడ్డాడు. కుడి చెయ్యి వెనక్కి మెలిపెట్టేసరికి భుజం దగ్గర పచ్చికట్టె విరిగినట్టు చప్పుడైంది, ఆ చెయ్యి ఇక అతనిది కాకుండా పోయింది. ఎడంచేత్తో కంచె పట్టుకుని లేచాడు. దవడ మీద ఒకటి పడింది. నోట్లో పళ్ళు ఉన్న చోట లేవు. ఒక కన్ను మూసుకుపోయింది. మళ్ళీ లేచాడు.

"లెగవకురా," అన్నాడు వల్దెసి.

ఎరివన్ ఎడంచేత్తో ఒక్కటి వేశాడు. అది వల్దెసి గుండె మీద మెత్తగా ఆనింది.

వల్దెసి కొట్టాడు. ఎరివన్ పడ్డాడు, మోకాళ్ళ మీదికి వచ్చాడు, కంచె పట్టుకున్నాడు.

"లెగవకురా, నీకు దండం పెడతా. చచ్చిపోతావు. సోమవారం పొద్దున అవతలివైపు ఎవడు నిలబడతాడురా నాకు?"

ఎరివన్ లేచాడు. వల్దెసి పిడికిలి ఎత్తి అలాగే ఉంచాడు. చేతులు రెండూ వాచి పనసకాయల్లా ఉన్నాయి. పక్కకు తిరిగి కంచె మీద వంగి కక్కుకున్నాడు. తుడుచుకుని వెళ్ళి గోతాం దించి ఎరివన్ కాళ్ళ ముందు పడేశాడు.

"తీసుకుపో. గెలిచింది నువ్వే. మావాళ్ళకి చెప్తాలే, మా ఆవిడ పొయ్యిలో పెట్టిందని. ఆవిడ సంగతి ఊరందరికీ తెలుసు, నమ్ముతారు."

వంతెన మొదట్లో జుకా కుర్రాళ్ళు కాపలా ఉన్నారు. పొద్దున్నుంచీ దాటే ప్రతివాణ్ణీ వెతుకుతున్నారు. అది తెలిసిన వల్దెసి జెండాను నిలువునా మడిచి, పసిపిల్లకు గుడ్డ చుట్టినట్టు, ఎరివన్ ఒంటికి చంకల నుంచి నడుము దాకా చుట్టాడు. పైన తన ఎర్రనలుపు చారల జుకా చొక్కా తొడిగాడు. విరిగిన చెయ్యి చొక్కా చేతిలోకి దూర్చేటప్పుడు ఎరివన్‌కి స్పృహ తప్పినంత పనైంది.

"అవతలికి పోగానే విప్పి పారెయ్," అన్నాడు వల్దెసి. "నా చొక్కాతో మీ వీధిలోకి పోకు."

వంతెన దగ్గర జుకా కుర్రాళ్ళు అతని మొహం చూసి ఈలలు ఆపేశారు.

"ఎవడ్రా కొట్టింది నిన్ను?"

దవడ కదలదు. ఎరివన్ ఎడంచేత్తో ఏటి అవతలికి చూపించాడు.

"కాతొలే నాకొడుకులా? మరి మళ్ళీ అటే పోతున్నావే?"

ఎరివన్ పిడికిలి ఎత్తి చూపించాడు. వాళ్ళకు అది తెగ నచ్చింది. వీపు తట్టి, చెరుకుసారా సీసా నోటికి పెట్టి, మగాడంటే వీడేనని దారి ఇచ్చారు. సారా తగిలి నోరంతా మండింది.

వంతెన దిగాక గోడచాటుకు వెళ్ళి చొక్కా విప్పబోయాడు. కుడి చెయ్యి లేవదు. ఎడంచేత్తో అంచు పట్టి పైకి లాగితే భుజం దగ్గర ప్రాణం పోతోంది. పళ్ళతో చింపుదామంటే నోరు తెరుచుకోదు. కత్తి తెచ్చుకోలేదు. ఉట్టి చేతులతోనని చేసిన ప్రమాణం అది. అక్కడ కూర్చుని ఎవరినైనా పిలుద్దామంటే గొంతులోంచి మాట కాదు, మూలుగు వస్తోంది. అయినా అతనికి భయం వెయ్యలేదు. ఒంటికి జెండా చుట్టుకుని ఉన్నాడు, వేడిగా, తడిగా తగులుతోంది. అమ్మ కత్తెరతో చొక్కా కోసేస్తుంది, అన్న వచ్చి చూస్తాడు. ఇంకేం కావాలి? మైదానం వెనక సందులోంచి పోతే ఇల్లు దగ్గర. ఆ సందులోకే తిరిగాడు.

ఆట రోజున ఆ సందులో ఎవరుంటారో అతనికి తెలియంది కాదు. నిరుడు అక్కడ మాటు వేసి కూర్చున్నవాళ్ళలో తనూ ఉన్నాడు. దారి తప్పి వచ్చిన జుకావాడి చొక్కా ఊడదీసి, ఆట మొదలయ్యే ముందు గట్టు మీంచి ఊపడం దండుకు సరదా. కానీ దెబ్బల మైకంలో, తన ఒంటి మీద ఉన్నది జుకా చొక్కా అన్న సంగతి అప్పటికి అతని బుర్రలోంచి జారిపోయింది. ఇల్లు ఒక్కటే ఉంది.

మొహాలకు గుడ్డలు కట్టుకుని అయిదుగురు గోడ దూకారు. ముందున్నవాడి చేతిలో జెండాలకు వాడే ఆకుపచ్చ వెదురుకర్ర. నడక చూసి ఎరివన్ అన్నను పోల్చుకున్నాడు. సంతోషంతో ఎడంచెయ్యి చాపాడు.

"అ..." అన్నాడు.

వెదురుకర్ర ఆ చేతి పక్కనుంచి దిగి తల మీద పడింది.

"మా ఊళ్ళోకి ఒంటరిగా వస్తావురా? అంత కొవ్వా?" లిందొమార్ గొంతే అది.

పడిపోయాక కాళ్ళు వచ్చాయి. డొక్కల్లో, వీపులో, చెయ్యి అడ్డం పెడితే చేతి మీద. ఎవడో మెడ మీద బూటు ఆనించి తొక్కాడు. వెదురు చీలిన చప్పుడు, చీలిన వెదురుతో మళ్ళీ మళ్ళీ దెబ్బలు. వల్దెసి కొడుతున్నప్పుడు లేవాలనిపించింది. ఇప్పుడు అనిపించలేదు. వల్దెసి దండం పెట్టాడు. వీళ్ళు నవ్వుతున్నారు. 'అన్నా' అన్న మాట నాలుగైదుసార్లు కడుపులోంచి బయల్దేరి దవడ దగ్గర ఆగిపోయింది.

"చాల్లే, చొక్కా తీసుకోండి," అన్నాడు లిందొమార్.

ఎవడో కాలరు పట్టి నిలువునా చింపాడు. ఎర్రనలుపు చారల కింద ఆకుపచ్చ బయటపడింది. ఆకుపచ్చ మీద తెల్లటి అక్షరం, తెలుపు మీద నెత్తురు.

అందరూ ఒక్కసారి వెనక్కి గెంతారు. మెడ మీద బూటు పెట్టినవాడు ఆ కాలిని ఏం చెయ్యాలో తెలియక గోడకేసి రుద్దుకున్నాడు.

లిందొమార్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మిగిలిన ఒక్క కంటితో ఎరివన్ అన్న చేతులనే చూస్తున్నాడు. ఆ చేతులు ముందు జెండా దగ్గరికి వెళ్ళాయి. ముడి విప్పాయి, నేలకు తగలకుండా, పొరలు పొరలుగా, అతన్ని ఇటూ అటూ దొర్లించి గుడ్డనంతా లాక్కున్నాయి. మడత పెట్టి చంకలో పెట్టుకున్నాకే లిందొమార్ తమ్ముడి మొహం మీది నెత్తురు తుడిచి చూశాడు. దెబ్బలన్నిటిలోకీ ఎరివన్‌కి అదే లోతుగా దిగింది.

"ఎరివన్?" అన్నాడు లిందొమార్. లేచి మిగతా నలుగురి వైపు తిరిగాడు. "వీణ్ణి జుకావాళ్ళు కొట్టారు. వీడు జెండా తెస్తుంటే కొట్టారు. అర్థమైందా మీకు?"

నలుగురూ తలలు ఊపారు.

మునిసిపాలిటీ ఆసుపత్రి ఒంటి అంతస్తు పెంకుటిల్లు. కిటికీ పక్క మంచం ఇచ్చారు. దవడకు కట్టు, కుడి భుజానికి కట్టు, పక్కటెముకలకు కట్టు. ఎడంచెయ్యి ఒక్కటే మిగిలింది. జెనైదా పక్కన కూర్చుని వెచ్చటి నీళ్ళతో తల కడిగింది. కడుగుతూ కడుగుతూ ఒకచోట ఆగింది. జుట్టులోంచి ఏదో జాగ్రత్తగా లాగి, వెలుతురులో పెట్టి చూసి, పిడికిలి మూసుకుంది.

నర్సు రేడియో పెట్టింది. ఆట మొదలవకముందే కాతొలే గట్టు మీద తల్లి జెండా విప్పారిందని వ్యాఖ్యాత కేకలు. దాని మీద నెత్తురు మరకలున్నాయట, ఆ నెత్తురు జెండా మోసిన కుర్రాడిదట, జుకావాళ్ళు వాణ్ణి చావబాదారట. ఆ వెంటనే మైదానమంతా ఒకే పేరు. ఎరివన్, ఎరివన్. రేడియోలోంచీ కిటికీలోంచీ రెండుసార్లు వినిపించింది. అతను పుట్టి పెరిగిన ఊరు మొత్తం, వారమంతా కాలెత్తి చూపించిన ఊరు, గొంతు చించుకుని పిలుస్తోంది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు, రెండిటికీ దవడ ఒప్పుకోదు. చివర్లో కార్నర్ బంతిని కాతొలే వెనక ఆటగాడెవడో తలతో నెట్టేశాడు. ఆ ఒక్క గోలుతో కప్పు మొదటిసారి లోపలి ఊరికి వచ్చింది. నర్సు ఏడుస్తూ వరండాలోకి పరిగెత్తింది.

పొద్దువాలుతుండగా మోటారుసైకిళ్ళు వచ్చాయి. ఆసుపత్రి ముందు ఖాళీ జాగా నిండిపోయింది. ఇంజన్లు ఆపలేదు. చేతుల్లో కర్రలు, గొలుసులు. లిందొమార్ జెండాను భుజాల చుట్టూ కప్పుకుని లోపలికి వచ్చాడు. కిటికీ అవతల కుర్రాళ్ళు మూగారు. అందరికంటే ముందు తార్సీసియో, ఎరివన్ తర్వాత డోలు వాయించేవాడు, పొద్దున్నుంచీ అరిచి గొంతు పోగొట్టుకున్నాడు.

"గెలిచాం రా," అన్నాడు లిందొమార్. "నీ పేరు విన్నావా? కొత్త డోలు చేయిస్తున్నాం నీకు." జెండా తీసి మంచం మీద తమ్ముడి కాళ్ళ దగ్గర పెట్టాడు. గొంతు తగ్గించాడు. "వీళ్ళకి ఒక పేరు కావాలి. వల్దెసిని ఇవాళ జుకా మూలన చూశారు మనవాళ్ళు. చేతులు రెండూ వాచిపోయి ఉన్నాయట. వాడేగా? తల ఊపు చాలు. మిగతాది వీళ్ళు చూసుకుంటారు."

లిందొమార్ కళ్ళు వేరే మాట చెబుతున్నాయి. బతిమాలుతున్నాయి. పుట్టిన దగ్గర్నించీ ఆ కళ్ళలో ఎరివన్ ఆ చూపు చూడలేదు.

ఊపితే అబద్ధం కూడా కాదు, సగం దెబ్బలు వల్దెసివే. ఊపితే డోలు ఉంది, ఇల్లు ఉంది, అన్న ఉన్నాడు, ఊరంతా ఉంది. అవతలి ఒడ్డున ఒక మనిషి వాచిన చేతులతో అన్నం తినలేక కూర్చుని ఉంటాడు, తలుపు చప్పుడైతే పెళ్ళాన్ని తియ్యమంటాడు. లెగవకురా, నీకు దండం పెడతా.

ఎరివన్ ఎడంచెయ్యి ఎత్తాడు. వేలు అన్న వైపు చూపించి అలాగే ఉంచాడు.

లిందొమార్ నవ్వబోయాడు. "జ్వరంలో ఉన్నాడు. ఏం చేస్తున్నాడో వాడికే తెలీదు."

జెనైదా పిడికిలి విప్పింది. అరచేతిలో వేలెడు వెదురు పేడు. ఒక పక్క నెత్తురు ఎండింది, ఒక పక్క ఆకుపచ్చ రంగు.

"ఇది వీడి తల్లోంచి తీశాను," అంది. "ఆ కర్రలకి రంగు వేసింది నేనేరా పెద్దోడా."

"అమ్మా, వాడి ఒంటి మీద జుకా చొక్కా ఉంది."

"ఉంటే?"

లిందొమార్ కిటికీ వైపు చూశాడు.

"బయట వాళ్ళు పేరు అడుగుతున్నారుగా," అంది జెనైదా. "పోయి చెప్పు. లేకపోతే నేను చెప్తాను."

కిటికీలోంచి తార్సీసియో అడిగాడు, "ఏంటన్నా? ఏమంటోంది అమ్మ?"

లిందొమార్‌కి వంద దుర్గుణాలుండొచ్చు, కన్నతల్లి కళ్ళ ముందు బొంకేవాడు మాత్రం కాదు. జెండా అక్కడే వదిలి బయటికి నడిచాడు. మోటారుసైకిళ్ళ మధ్యకు వెళ్ళి నిలబడ్డాడు.

"కొట్టింది నేను," అన్నాడు.

ఇంజన్లు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. జెండా దగ్గరుండగా దాన్ని మోసేవాడి మీద చెయ్యి వేసినవాడికి దండులో పడే శిక్ష ఏమిటో అక్కడ అందరికీ తెలుసు, ఆ శిక్ష రాసుకున్నది లిందొమారే. తార్సీసియో గొలుసు మొదటిది. అది మొహం మీద తగిలి లిందొమార్ వెనక్కి తూలాడు, చేతులు మాత్రం ఎత్తలేదు. ఆ తర్వాత అందరూ మీద పడ్డారు. పొద్దున సందులో అన్నతోపాటు ఉన్న నలుగురూ అందులో ఉన్నారు. మిగతావాళ్ళకంటే వాళ్ళే గట్టిగా కొడుతున్నారు. తమ పేర్లు బయటికి రాకముందే ఆ నోరు మూతపడాలన్నట్టు, సరిగ్గా నోటి మీదే కొడుతున్నారు.

ఎరివన్ కిటికీలోంచి చూస్తున్నాడు. తను కోరుకుంది ఇది కాదు. వద్దని అరవడానికి నోరు లేదు. ఎడంచేత్తో కిటికీ చువ్వను బాదాడు, ఆ చప్పుడు ఎవరికి వినపడుతుంది?

జెనైదా మంచం మీంచి జెండా తీసుకుంది. గుండెలకు హత్తుకుని, చెప్పులు టపటపలాడించుకుంటూ బయటికి పోయింది. గుంపు వెనక నిలబడి, దుప్పటి దులిపినట్టు రెండు కొసలూ పట్టి ఒక్క విసురు విసిరింది. ఆకుపచ్చ గుడ్డ వాళ్ళ తలల మీంచి విప్పారుతూ వెళ్ళి, కింద పడి ఉన్న లిందొమార్ మీద, చుట్టూ నేల మీద పరుచుకుంది.

అందరూ గెంతారు. గుడ్డ అంచు తగలకుండా కాళ్ళు లాక్కున్నారు. తార్సీసియో కాలు గాలిలోనే ఉండిపోయింది, ఎక్కడ దించాలో చూసుకుంటున్నాడు. పోయిన ఆదివారం ఎరివన్ నిలబడ్డట్టే ఇవాళ ఊరి మొనగాళ్ళంతా ఒంటికాళ్ళ మీద నిలబడ్డారు.

జెనైదా మాత్రం ఆగలేదు. చెప్పులతోనే జెండా ఎక్కింది. తెల్లటి అక్షరాల మీద ఆమె అడుగులు మట్టి మట్టిగా పడ్డాయి. ఎవడో "అమ్మా, తొక్కుతున్నావు" అన్నాడు. ఆమె నడిచి వెళ్ళి, గుడ్డ కింద కొడుకు తల ఉన్న చోటికి చేరి నిలబడింది.

"నేను కుట్టాను, నేను తొక్కుతున్నాను," అంది. "మీరూ రండ్రా. తొక్కుకుంటూ వచ్చి కొట్టండి."

ఎవడూ కదల్లేదు. తార్సీసియో గొలుసు నేల మీద పెట్టేశాడు. సందులో ఉన్న నలుగురూ తల దించుకుని మోటారుసైకిళ్ళ వెనక్కి జరిగారు. ఎరివన్‌కి కళ్ళ వెంట నీళ్ళు కారి దవడ కట్టు తడిసిపోయింది, దవడ నొప్పి పెడుతున్నా ఆపుకోలేదు.

కాసేపటికి జెండా అంచు కదిలింది. దాని కిందనుంచి లిందొమార్ చెయ్యి బయటికి వచ్చి, మట్టిలో తడుముకుంటూ తల్లి పాదాన్ని పట్టుకుంది. ఆమె కాలు తియ్యలేదు.